చీటీ బాగానే ఉంది

మే 31, 1998, ఆదివారం

లుడీన్ రాస్తోంది, నేను చెప్తున్నాను. నాకు అక్షరం రాదు. ఈ పుస్తకం ఎవరికీ చూపించేది కాదు, పిండి డబ్బా వెనకాల ఉంటుంది. నా కోపం నాకు మళ్ళీ వినాలనిపించినప్పుడు లుడీన్ చదివి పెడుతుంది. పక్కింట్లో ఉంటూ ఆ మాత్రం చెయ్యకపోతే ఏటా నా టమాటాలు తినడం దేనికి?

చెప్పింది చెప్పినట్టు రాయాలి. మెత్తబరచకూడదు.

నిన్న పందేల మట్టి ట్రాక్ దగ్గర నా మనవడు ట్రాయ్ హెల్మెట్ పనికిరాదన్నారు. నేను కొనిపెట్టిన హెల్మెట్ అది. వాడు మొదటిసారి పందెం కారెక్కిన రోజు నుంచీ వాడి తల మీద అదే. పందెం ముందు వాడి గడ్డం కింద పట్టీ బిగించేది నేనే. రెండు ఉంగరాల్లోంచి దూర్చి, ఒకదాని మీదుగా వెనక్కి తిప్పి, లాగి, చివరికి నెత్తిన ఒక్కటి చరుస్తాను. వాళ్ళ తాత, మా ఆయన హోబర్ట్‌కీ అలాగే చరిచేదాన్ని. చరిస్తే గాని మా ఇంట్లో ఎవరూ కారెక్కరు.

తనిఖీ పాకలో వెర్లిన్ ఉంటాడు. వారం వారం ప్రతి హెల్మెట్‌నీ తిరగేసి, లోపలి గుడ్డ పక్కకి లాగి, అడుగున అంటించిన చీటీ చూస్తాడు. ఆ రకం హెల్మెట్‌ని ఏ ఏటి లెక్కన పరీక్షించారో చెప్పేది, స్నెల్ చీటీ అంటారు దాన్ని. అది లేకపోతే కారు కదలదు. నిన్న చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఎనభై అయిదు నాటిది ట్రాయ్. ఇంత పాతవి ఇప్పుడు కుదరవు."

"పోయినవారం కుదిరిందిగా," అన్నాను.

"పోయినవారం నేను సరిగ్గా చూడలేదు పెద్దమ్మా."

అప్పుడు వెనక నుంచి మా వియ్యపురాలు ఆర్డిత్ వచ్చింది. ట్రాయ్ తల్లికి తల్లి. హైస్కూల్లో టైపింగ్ నేర్పి రిటైరైన మనిషి. ఇన్నేళ్ళలో ట్రాక్ మొహం చూడనిది, నిన్న తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చింది. మట్టి ట్రాక్‌కి తెల్ల ప్యాంటు. కళ్ళజోడు పెట్టుకుని, "అవును వదినగారూ, స్పష్టంగానే ఉంది. ఇదిగో, ఇది ఎనిమిది, ఇది అయిదు," అని వేలు పెట్టి చూపించింది. చదువు రానిదానికి, పదిమందిలో, అంకె మీద వేలు పెట్టి చూపించింది.

అంతకుముందే ఆమె వెర్లిన్ చెవిలో ఏదో చెప్పడం నేను చూశాను. నా కళ్ళు చదవలేవు గాని చూడగలవు.

పనికిరాని హెల్మెట్ మళ్ళీ ఎవడి నెత్తికీ ఎక్కకూడదని దాని పట్టీ కోసేస్తాడు వెర్లిన్. నేను లాగి లాగి మెత్తబడిన పట్టీ అది. ఒక్క కోత.

జూన్ 3, బుధవారం

కొత్తది వచ్చింది. ఆర్డిత్ తెచ్చింది. నా వంటింట్లో, నా బల్ల మీద పెట్టి పెట్టె విప్పింది. ట్రాయ్ కారు నా కొట్టంలో ఉంటుంది కాబట్టి వాడు సాయంత్రం ఇక్కడే దొరుకుతాడని ఆమెకి తెలుసు.

తెల్లగా, నున్నగా ఉంది. ట్రాయ్ వాళ్ళ అమ్మమ్మని నడుం పట్టుకుని పైకెత్తి గిర్రున తిప్పాడు. నన్నెప్పుడూ ఎత్తలేదు. నేను బరువని కాదు. నేను అడగలేదు.

"చీటీ చూడు నాన్నా, తొంభై అయిదుది," అంది ఆర్డిత్. "లోపల ఇనప తల పెట్టి, ఇనప దిమ్మె మీద పడేసి చూస్తారట. మంటలో కూడా పెడతారట. మోటారు సైకిలు వాటికి ఆ మంట పరీక్ష ఉండదట."

"ఇవన్నీ నీకెలా తెలుసు అమ్మమ్మా?"

"చదివాను."

ఆ మాట నా వైపు చూసి అనలేదు. చూడక్కర్లేదు.

ఇద్దరికీ చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే పెట్టాను. ఆర్డిత్ గిన్నెలో ఉప్పు ఎక్కువైంది. ఒకే కుండలోంచి తీసినవి ఆమె గిన్నెలో మాత్రం ఎందుకు ఎక్కువయ్యాయో నాకు తెలీదు.

జూన్ 7, ఆదివారం

నిన్న పట్టీ ఆమె బిగించింది. నేను జనం కూర్చునే మెట్లు దిగేలోపలే అయిపోయింది. ఉంగరాల్లోంచి దూర్చి వదిలేసింది, వెనక్కి తిప్పలేదు. ట్రాయే మళ్ళీ సరిచేసుకున్నాడు. నెత్తిన చరవలేదు. ముద్దు పెట్టింది. హెల్మెట్‌కి.

ట్రాయ్ గెలిచాడు. మైకులో, "అమ్మమ్మ ముద్దు కలిసొచ్చింది," అన్నాడు. ట్రాక్ అంతా చప్పట్లు. ఇన్నేళ్ళు నేను చరిచిన దెబ్బలు ఏ మైకులోకీ ఎక్కలేదు.

లుడీన్ అంటోంది, నువ్వు చరిచినన్నాళ్ళూ వాడు ఎక్కువగా మూడో స్థానంలో వచ్చేవాడు కదా అని. ఆ ముక్క రాయకు అన్నాను. రాసేసింది.

జూన్ 9, మంగళవారం

ఏమీ లేదు. ఏమీ లేదనే రాయి లుడీన్.

జూన్ 10, బుధవారం

ట్రాయ్ మొన్న హెల్మెట్ నా వంటింట్లో మర్చిపోయాడు. నిన్న కుక్క తోక తగిలి అది నేలమాళిగ మెట్ల మీద దొర్లింది. సిమెంటు మెట్లు. చిన్న గీత పడింది, కారుకి రుద్దే మైనంతో రుద్దితే పోయింది. గుడ్డ పక్కకి లాగి వేలితో తడిమి చూశాను, చీటీ చెక్కుచెదరలేదు. చీటీ బాగానే ఉంది కాబట్టి హెల్మెట్ బాగానే ఉన్నట్టు.

లుడీన్ అడుగుతోంది, ఆ కుక్క ముసలిది కదా, తోక ఊపడం మానేసి చాలా కాలమైంది కదా అని. లుడీన్ పని రాయడం.

జూన్ 14, ఆదివారం

నిన్న పాకలో వరసలో ట్రాయ్ ముందు బోయ్డ్ అనే కుర్రాడున్నాడు. వెర్లిన్ చీటీ చూసే ముందు అందరినీ ఒకే మాట అడుగుతాడు, "ఈ వారం కింద పడిందా?" అని. అందరూ లేదంటారు. అది గుడ్ ఈవెనింగ్ లాంటి మాట. బోయ్డ్ పిచ్చిమాలోకం, అవునన్నాడు.

"ట్రక్కు వెనక నుంచి దొర్లింది. ఏం కాలేదులే, గీత కూడా లేదు."

"పైకి ఉండదురా," అన్నాడు వెర్లిన్. "లోపల థర్మాకోల్ ఉంటుంది చూడు, దెబ్బని మింగేది అదే. ఒక్కసారే మింగుతుంది. మింగినచోట నలిగిపోతుంది, మళ్ళీ ఉబ్బదు. అక్కడే ఇంకో దెబ్బ తగిలిందా, అది నీ పుర్రె మింగాలి."

"చీటీ ఉందిగా." ఈ మాట అన్నది బోయ్డ్ కాదు. నేను.

వెర్లిన్ నవ్వాడు. "చీటీ హెల్మెట్ పుట్టినప్పటి సంగతి చెప్తుంది పెద్దమ్మా. ఆ తర్వాత దాని బతుకేమైందో చీటీకేం తెలుసు?"

"మరి ఇనప దిమ్మె మీద పడేసి చూశామన్నారు. అంత పడిందాన్ని మళ్ళీ అమ్ముతున్నారుగా."

"అయ్యో, పడేసి చూసింది దీన్ని కాదు, దీని తోబుట్టువుల్ని. పరీక్ష చేసినదాన్ని ఎవరూ తలకి పెట్టుకోరు. పరీక్షతో దాని పని సరి."

కత్తి తీసి బోయ్డ్ హెల్మెట్ పట్టీ కోసేశాడు. బోయ్డ్ ఏడుపుమొహం పెట్టాడు. ఆర్డిత్ కూడా అక్కడే ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి చదివి చెప్పే మనిషి, నిన్న నోరు మెదపలేదు. బూట్లు చూసుకుంటూ నిలబడింది.

తరవాత ట్రాయ్ వంతు. "ఈ వారం కింద పడిందా?" "లేదు." వెర్లిన్ చీటీ చూసి వాడి భుజం తట్టాడు.

అంటే మా మెట్ల మీద కుక్క దాన్ని పరీక్ష చేసేసింది.

ట్రాయ్ కారెక్కి కూర్చున్నాడు. ఆర్డిత్ ముద్దు పెట్టింది. అప్పుడు వాన పడింది. జెండాలవాడు చేతులు ఊపేశాడు, పందెం రద్దు. మట్టి అంతా బురదైంది. నేను మెట్ల మీదే తడుస్తూ కూర్చుని దేవుడికి దండం పెట్టాను. ఆర్డిత్ ప్యాంటు మోకాళ్ళ దాకా పాడైంది. ఆ దండం దానికి కాదు.

జూన్ 15, సోమవారం

తోక కాదు. నా మోచెయ్యి తగిలింది.

జూన్ 16, మంగళవారం

హోబర్ట్ సంగతి ఇప్పుడెందుకని లుడీన్ అడగొద్దు.

హోబర్ట్ రోజుల్లో ఏ చీటీలూ లేవు. గట్టి అట్టకి తోలు తొడిగినట్టుండేది అతని టోపీ. అదైనా ఉందని మురిసేవాళ్ళం. ఆ రోజు కారు పల్టీ కొట్టింది. తనంతట తనే బయటికొచ్చి, జనానికి చెయ్యి ఊపి, నడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. తల నిమిరి చూశాను. పైకి ఏమీ లేదు. గీత కూడా లేదు. ఇంటికెళ్ళి పడుకుని, లేచి, నన్ను బర్డీ అని పిలిచాడు. బర్డీ వాళ్ళ చెల్లెలు. పోయేదాకా అలాగే పిలిచాడు. చెంచాతో తినిపిస్తుంటే, "నీ మొగుడు నిన్ను బాగా చూస్తున్నాడా బర్డీ?" అని అడిగేవాడు. బాగా చూస్తున్నాడన్నయ్యా అనేదాన్ని.

ఈరోజుకి చాలు.

జూన్ 18, గురువారం

ట్రాయ్ కొట్టంలో కారు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. కాళ్ళే కనిపిస్తున్నాయి. మొహం కనబడకపోతే చెప్పడం తేలికనుకుని వెళ్ళాను.

"ఆ హెల్మెట్ పెట్టుకోవద్దురా."

"ఏం నానమ్మా?"

"అది మంచిది కాదు."

కారు కింద నుంచి నవ్వు. "అమ్మమ్మ కొన్నదనేగా."

"కాదు."

"రంగు నచ్చలేదా?"

"మంచిది కాదంటుంటే నీక్కాదూ?"

బయటికి దొర్లి వచ్చాడు. బుగ్గ మీద గ్రీజు. "నానమ్మా, అమ్మమ్మ తెచ్చిన కేకు బాలేదన్నావు. అమ్మమ్మ కారు చప్పుడు బాలేదన్నావు. పోయినేడు ఆమె కీళ్ళనొప్పి కూడా నిజం కాదన్నావు. నీ కుళ్ళు కూడా ముద్దుగా ఉంటుంది, కానీ పందెం దగ్గర వద్దు."

నా నుదుటి మీద ముద్దు పెట్టి, హెల్మెట్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆర్డిత్ తెచ్చిన వస్తువు గురించి జన్మలో మొదటిసారి నిజం చెప్పాను. నమ్మేవాడు లేడు.

నేనే పడేశానని చెప్తే నమ్మేవాడే. నోటి చివరిదాకా వచ్చింది. కానీ వాడికి తెలిస్తే ఆర్డిత్‌కి తెలుస్తుంది. ఆర్డిత్‌కి తెలిస్తే చర్చిలో అందరికీ తెలుస్తుంది. కాదు, ఆమె ఎవరికీ చెప్పదు. అదే నా బాధ. నా మీద జాలిపడి ఊరుకుంటుంది.

లుడీన్ కలం కింద పెట్టేసి అంది, "ఓర్ఫా, నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

చెప్పు చూద్దాం అన్నాను. టమాటాల మాట గుర్తు చేశాను. అయినా బెదరలేదు. శనివారం దాకా ఆగమన్నాను.

జూన్ 21, ఆదివారం

నిన్న వాన లేదు. పొద్దుట్నించీ ఆకాశం చూస్తూనే ఉన్నాను, ఒక్క మబ్బు తునక లేదు.

లుడీన్ నాతో వచ్చింది. ట్రాక్ మొహం చూడని మనిషి, చెయ్యి పట్టుకుని మరీ వచ్చింది. నా మీద నమ్మకం లేక.

పాకలో ట్రాయ్ వంతు వచ్చింది. వాడి పక్కన ఆర్డిత్. ఈసారి గోధుమరంగు ప్యాంటు, నేర్చుకుంది.

"ఈ వారం కింద పడిందా?"

"లేదు."

"పడింది," అన్నాను.

వరసలో అందరూ తిరిగారు. ట్రాయ్ మొహం ఎర్రబడింది. "నానమ్మా, ఇక్కడ మొదలెట్టకు."

వెర్లిన్ మాత్రం హెల్మెట్ కింద పెట్టలేదు. "ఎక్కడ పడింది పెద్దమ్మా?"

"మా నేలమాళిగలో. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా."

"ఎలా పడింది?"

కుక్క అందామంటే లుడీన్ పక్కనే ఉంది. మోచెయ్యి అందామనుకున్నాను. నోరు అనలేదు.

"పడలేదు, పడేశాను. తలుపు తీసి, రెండు చేతులా ఎత్తి, వదిలాను. అది కింద ఆగేదాకా నిలబడి చూశాను. తర్వాత మైనం రుద్దాను."

వెనకాల ఎవడో పంది మాంసం రొట్టె తింటున్నవాడు నమలడం ఆపేశాడు.

"ఎందుకు?" అన్నాడు ట్రాయ్. వాడి గొంతు చిన్నప్పటిలా అయిపోయింది.

"ముద్దు పెట్టిందని."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. వెర్లిన్ కత్తి తీసి, కొయ్యనా అని ట్రాయ్ వైపు చూశాడు. ట్రాయ్ తల ఊపాడు. కోశాడు. ఈ ఏడు అన్నిటికంటే పెద్ద పందెం అది. అరువుకి ఇంకో హెల్మెట్ కోసం పదిమందిని అడిగాడు, ఒకటి బిగుతు, ఒకటి వదులు. చివరికి కారు ట్రైలర్ మీదికెక్కించి, నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఆర్డిత్ ముందుకొచ్చి, కోసిన హెల్మెట్ తీసుకుని ఒళ్ళో పెట్టుకుని చెక్కబల్ల మీద కూర్చుంది. ఆమె తిడుతుందని ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో. ఒక్కటీ పనికిరాలేదు.

జూన్ 23, మంగళవారం

ఆర్డిత్ వచ్చింది. తియ్యటి మీగడ రొట్టె కాల్చి తెచ్చింది. జాలీ తలుపు తియ్యకుండా లోపలి నుంచే మాట్లాడాను.

"జాలిపడటానికి వస్తే అక్కడినుంచే వెళ్ళు."

"జాలి కాదు వదినగారూ. ఒక మాట చెప్పి పోతాను."

"చెప్పు."

"ఈస్టర్‌కి ట్రాయ్ మీరు కొన్న హెల్మెట్ మా ఇంట్లో మర్చిపోయాడు. దుమ్ము దులుపుతుంటే నా చేతిలోంచి జారి వాకిట్లో సిమెంటు మీద పడింది. గీత కూడా లేదు. తుడిచి పెట్టేశాను."

ఆర్డిత్ రొట్టె పళ్ళెం రెండో చేతిలోకి మార్చుకుంది.

"తర్వాత ఎక్కడో చదివాను, పడినది పెట్టుకోకూడదని. అప్పటికే వాడు దాంతో ఎన్ని పందేలు తిరిగాడో. మీకు చెప్దామంటే మీరు కొన్నది. నన్ను బతకనిస్తారా? చీటీ చూస్తే దాని కాలం దాటిపోయిందని తెలిసింది. ఆ శనివారమే వచ్చి వెర్లిన్‌కి చెప్పాను, సరిగ్గా చూడమని."

"అందుకే బోయ్డ్ హెల్మెట్ పట్టీ కోసినప్పుడు బూట్లు చూసుకున్నావు."

"అవును."

"ఆ రోజు అంకె మీద వేలు పెట్టి చూపించావు నాకు."

"భయం వేసింది వదినగారూ. భయం వేస్తే నేను టీచర్నైపోతాను."

రొట్టె గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక కొట్టంలోకి పోయి మేకుకి తగిలించిన పాత హెల్మెట్ దించాను. వెలుతురులో పెట్టి అంతా తడిమాను. మట్టిగడ్డలు కొట్టిన గీతలు నిండా ఉన్నాయి. అందులో సిమెంటుది ఏది? నిజంగా పడేసిందో, నా పరువు నిలబెట్టడానికి కల్పించి చెప్పిందో హెల్మెట్ చెప్పదు. పడేసి ఉంటే, ఎవరి నోటా పడకుండా, వాడికి పెద్ద పందెం ఒక్కటీ పోకుండా, చీటీ చదివి పని చక్కబెట్టింది. కల్పించి ఉంటే ఇంకా ఘోరం. ఎటు చూసినా నన్ను మించిపోయింది.

రొట్టె బాగుంది. లుడీన్‌కి ఒక ముక్క పెట్టాను.

జూన్ 28, ఆదివారం

ట్రాయ్ తనే ఒక హెల్మెట్ కొనుక్కున్నాడు. దాన్ని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. నిన్న ట్రాక్ దగ్గర మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు, "మీరిద్దరూ దీనికి ఆమడ దూరంలో ఉండాలి." నాతో మళ్ళీ మాట్లాడటం అదే, వారం తర్వాత. తిట్టినా మాటే కదా.

వెర్లిన్ చీటీ చూశాడు. "ఈ వారం కింద పడిందా?" అని వాడిని అడిగి, మెడ చాచి మా వైపు చూశాడు. "అమ్మలూ, మీరేమంటారు?"

"లేదు," అన్నాం ఇద్దరం. పాక పాకంతా నవ్వింది. ట్రాయ్ కూడా.

వాడు కారెక్కి హెల్మెట్ పెట్టుకున్నాడు. పట్టీ పట్టుకుని, ఏమనుకున్నాడో, వదిలేసి గడ్డం పైకెత్తాడు. ఎవరి వైపూ తిరగలేదు. మా ఇద్దరి మధ్యకి ఎత్తాడు.

ఆర్డిత్ నా కంటే దగ్గరగా ఉంది. చెయ్యి చాపింది. చాపి ఆగి, "ఆ వెనక్కి తిప్పేది నాకు రాదు వదినగారూ. చూపిస్తారా?" అంది.

రాదో, రానట్టు ఉందో నేను అడగలేదు. టైపింగ్ నేర్పిన వేళ్ళు అవి. ఆ వేలు పట్టుకుని పదిమందిలో చూపించాను. ఇది మొదటి ఉంగరం, ఇది రెండోది, ఇలా దూర్చి, ఇలా దీని మీదుగా వెనక్కి, ఇక లాగు. గట్టిగా. వాడేం పోడు.

ఆమె వంగి హెల్మెట్‌కి ముద్దు పెట్టింది. నా వంతు వచ్చింది. చరవడానికి చెయ్యెత్తాను. లోపలి థర్మాకోల్ గుర్తొచ్చి ఆగిపోయాను. అరచెయ్యి మాత్రం దాని మీద ఆనించి ఉంచాను, జెండాలవాడు అరిచేదాకా.

ఆమె ముద్దు కంటే నా చెయ్యే ఎక్కువసేపు ఉంది. అది రాయి లుడీన్.